బొటనవేలు కదిలిన షాట్

రోహిణి కాళ్ళు టీవీలో రాబోతున్నాయని భిలాయిలోని రుఆబాంధా కాలనీలో ఉన్న తెలుగువాళ్ళందరికీ చాటింది ఆమె తండ్రి గురునాథరావే. కూతురు టీవీలో కనిపిస్తుందని చెప్పుకుని మురిసిపోయే తండ్రులు ఎక్కడైనా ఉంటారు. కూతురి కాళ్ళు మాత్రమే కనిపిస్తాయని, మొహం వేరే అమ్మాయిదని, అయినా సరే అందరూ వచ్చి చూడాలని ఇంటింటికీ తిరిగి పిలిచిన తండ్రి భిలాయి మొత్తం మీద ఆయన ఒక్కడే అయ్యుంటాడు. జీవితమంతా స్టీల్ ప్లాంట్ బ్లాస్ట్ ఫర్నేస్‌లో షిఫ్టులు చేసి రిటైరైన మనిషి. తర్వాతి షిఫ్టు రిలీవర్ వచ్చి నిలబడేదాకా డ్యూటీ దిగకూడదన్నది ఆయనకి తెలిసిన పెద్ద ధర్మం. అందుకని ఈ సంగతి కూడా ఆ భాషలోనే చెప్పుకున్నాడు. హీరోయిన్ చెయ్యలేని చోట మా అమ్మాయి రిలీవర్‌గా కూర్చుంది, అంతే అనేవాడు.

రోహిణికి ఊహ తెలియకముందే పోలియో వచ్చింది. రెండు కాళ్ళూ సన్నబడి అలాగే ఉండిపోయాయి. ఇంట్లో చేతుల మీద జరుగుతుంది, బయటికైతే చక్రాల కుర్చీ. ఆమె కోసమే గురునాథరావు అప్పట్లో పై అంతస్తులో ఉన్న పెద్ద క్వార్టర్ ఇంకొకరికి ఇచ్చి, కింద ఉన్న చిన్న క్వార్టర్ తాను తీసుకున్నాడు. ఆ క్వార్టర్ ముందు గదిలోనే ఆమె ఇప్పుడు చాయిస్ సెంటర్ నడుపుతోంది. ఆధార్‌లో పేరు మార్చాలన్నా, పాన్ కార్డు కావాలన్నా, రేషన్ కార్డులో పిల్లల పేర్లు ఎక్కించాలన్నా ఆ చుట్టుపక్కల వాళ్ళందరూ అక్కడికే వస్తారు. కౌంటర్ ఎత్తుగా ఉంటుంది గనక వచ్చినవాళ్ళకి ఆమె నడుము పైనుంచే కనిపిస్తుంది. కొత్తగా వచ్చిన కుర్రాళ్ళు కొందరు కాస్త ఎక్కువసేపే చూస్తారు, లేని పని కల్పించుకుని మాట కలుపుతారు. ప్రింటర్ కాగితం కోసం ఆమె కుర్చీ తోసుకుని ఇవతలికి రాగానే వాళ్ళ గొంతు మారిపోతుంది, దీదీ, అంటే అక్కా, అనే పిలుపు మొదలవుతుంది. ఆ మార్పు ఎన్నిసార్లు విన్నా ఆమెకి అలవాటు కాలేదు.

పోలియో గురించి చాలామందికి తెలియనిది ఒకటుంది. అది కాళ్ళలో బలాన్ని పట్టుకుపోతుంది గాని స్పర్శ జోలికి పోదు. చీమ పాకితే తెలుస్తుంది, నేల చల్లదనం తెలుస్తుంది, చీర అంచు తగిలినా తెలుస్తుంది. ఆ కాళ్ళు మొద్దుబారి పడి ఉంటాయని లోకం తనంతట తాను తీర్మానించేసుకుంది. శ్రావణమాసం పేరంటాలకి వెళితే ముత్తయిదువలకే కాదు, పెళ్ళికాని పిల్లలకి కూడా ముచ్చటకి పాదాలకి పసుపు రాసేవారు. రోహిణి దగ్గరికి వచ్చేసరికి ఆ గిన్నె కాస్త తడబడి, ఆమెకి నుదుటి బొట్టుతో సరిపెట్టి, పక్క మనిషి పాదాల దగ్గరికి వెళ్ళిపోయేది. ఎవరూ చెడ్డవాళ్ళు కారు. ఆ కాళ్ళకి అలంకారం దేనికన్న ఆలోచన వాళ్ళ చేతులకే ఉండేది.

ఆమెకి ముప్పై ఒకటి నిండాయి. ఆ వయసు ఆడదాని మనసులో ఉండేవన్నీ ఆమె మనసులోనూ ఉన్నాయి. ఒంట్లోనూ ఉన్నాయి. పెళ్ళి మాట ఎత్తని ఇల్లు, ఆ రెండో సంగతి ఆమెకి ఉండదనే అనుకుంది. అడిగితే కదా చెప్పడానికి.

చక్రి ఆ ఇంటికి వచ్చింది ఆ టీవీ షూటింగ్ పని మీదే. భిలాయిలోనే కోహ్కా వైపు అతనికి టెంట్ హౌస్ ఉంది. షామియానాలు, కుర్చీలు, జనరేటర్లు, లైట్లు అద్దెకిస్తాడు. తెలుగువాళ్ళ వినాయక చవితి పందిరి ఏటేటా అతనిదే. తండ్రి పోయాక తల్లి రమణమ్మని చూసుకుంటూ, ఆమె తెచ్చిన సంబంధాలన్నిటికీ ఏదో వంక పెడుతూ, ముప్పై నాలుగేళ్ళు వచ్చినా అలాగే ఉండిపోయాడు. రుఆబాంధా చివర పెచ్చులూడిపోయిన ఖాళీ క్వార్టర్లలో ముంబయి వాళ్ళెవరో ఒక సైన్స్ సీరియల్ తీస్తూ లైట్లకీ జనరేటర్‌కీ అతన్ని పెట్టుకున్నారు. సన్నటి కాళ్ళున్న అమ్మాయి ఎవరైనా ఈ ఊళ్ళో ఉందా అని వాళ్ళు అడిగితే, అడగడానికే సిగ్గుపడుతూ గురునాథరావు ఇంటికి వచ్చాడు.

మర్నాడు డైరెక్టరే వచ్చి కూర్చుని, నూకమ్మ వేసిన పకోడీలు తింటూ కథ చెప్పాడు. నూకమ్మ అంటే రోహిణి తల్లి. కుర్చీకే పరిమితమైన ఒక సైంటిస్టు అమ్మాయి మనుషుల ఒళ్ళు మార్చే యంత్రం కనిపెడుతుంది. ఒక డాన్సర్ ఒంట్లోకి తాను వెళ్ళి, తన ఒంట్లోకి ఆ డాన్సర్‌ని పంపిస్తుంది. కొత్త కాళ్ళతో పరిగెడుతుంది, ఆడుతుంది, హీరోతో ప్రేమలో పడుతుంది. చివరికి ఎవరి ఒంట్లోకి వాళ్ళు వచ్చేస్తారు. అప్పుడు హీరో ఆ కుర్చీలో ఉన్న అమ్మాయిని వెతుక్కుంటూ వచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, ఆమె పాదం చేతిలోకి తీసుకుంటాడు. మొత్తం సీరియల్‌కి ప్రాణం ఆ షాటే అన్నాడు డైరెక్టర్. హీరోయిన్ కాళ్ళని మేకప్‌తో అలా సన్నం చెయ్యడం కుదరదు, కంప్యూటర్ మీద చేస్తే సహజంగా రాదు, అందుకే నిజమైన కాళ్ళు కావాలి.

రోహిణి ఒక్కటే అడిగింది. ఆ హీరో మొదటే కుర్చీలో ఉన్న అమ్మాయిని ప్రేమించవచ్చు కదా, మధ్యలో ఈ యంత్రం ఎందుకు అంది. డైరెక్టర్ పకోడీ నములుతూ నవ్వి, అప్పుడది సైన్స్ ఫిక్షన్ ఎలా అవుతుంది దీదీ అన్నాడు. గదిలో అందరూ నవ్వారు, చక్రి తప్ప.

నూకమ్మకి అనుమానం ఇంకో చోట వచ్చింది. “ఏటి బాబూ, కాళ్ళే తీత్తారా? మొకం తియ్యరా?” అని చక్రిని అడిగింది. అతను తల దించుకుని, కాళ్ళే పిన్నీ అన్నాడు. అయినా రోహిణి ఒప్పుకుంది. ఎందుకు ఒప్పుకుందో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఒక మగవాడు మోకాళ్ళ మీద కూర్చుని పాదం చేతిలోకి తీసుకోవడం టీవీలోనైనా సరే తన కాళ్ళకి జరగాలని ఆమెకి అనిపించింది. ఇందులో దాచడానికేమీ లేదు, సిగ్గుపడడానికీ లేదు. కోరిక అంటే అదే.

షూటింగ్ రోజు పొద్దున్నే నూకమ్మ ఒక పని చేసింది. కూతురిని గుమ్మం దగ్గర కూర్చోబెట్టి, పసుపులో సున్నం కలిపి, ఆ రెండు పాదాలకీ చుట్టూ పారాణి పెట్టింది. పదిమందిలోకి వెళ్ళే కాళ్ళు బోసిగా ఉండకూడదని ఆమె బాధ. అన్నేళ్ళలో ఆ కాళ్ళకి పారాణి అదే మొదటిసారి. పెళ్ళికూతురి కాళ్ళకి పెట్టినట్టు పెడుతూ ఆవిడ రెండుసార్లు ముక్కు చీదుకుంది.

అక్కడికి వెళ్ళాక మేకప్ చేసే సుచిత్ర ఆ పాదాలు చూసి తల పట్టుకుంది. సైంటిస్టు కాళ్ళకి ఇదేమిటి దీదీ అంటూ స్పిరిట్‌లో ముంచిన దూదితో రుద్దింది. పారాణి అంత సులువుగా పోతుందా? సుచిత్ర రుద్ది రుద్ది విసిగిపోయి, హీరోయిన్ ఒంటి రంగుకి సరిపోయేలా తెల్లటి పూత దట్టంగా పూసి చేతులు దులుపుకుంది. తన కాళ్ళ రంగు కూడా మారిపోయాక రోహిణికి అవి ఎవరివో అన్నట్టు తోచాయి.

మొదట తీసింది గుండుసూది షాట్. డాన్సర్ ఈ ఒంట్లో కళ్ళు తెరిచి, పాదంలో సూది గుచ్చుకుని, ఏమీ తెలియడం లేదని గ్రహిస్తుంది. నాకు తెలుస్తుంది సర్, పోలియోలో నొప్పి తెలుస్తుంది అని రోహిణి చెప్పింది. ఆడియన్స్‌కి అంత వివరం అక్కర్లేదన్నాడు డైరెక్టర్. సూది గుచ్చారు. ఆమె పళ్ళు బిగించింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కానీ వెనక్కి లాక్కునే బలం కాలికి లేదు గనక పాదం ఉన్నచోటే ఉంది. కెమెరా చూసేది పాదాన్నే. షాట్ బాగా వచ్చిందని అందరూ మెచ్చుకున్నారు. ఆమె మొహం చూసింది మాత్రం లైటు పట్టుకుని నిలబడ్డ చక్రి ఒక్కడే.

సాయంత్రం అసలు షాట్ మిగిలింది. హీరో తన విమానం టైమైపోతోందని అప్పటికే రాయపూర్ వెళ్ళిపోయాడు. ఎవరి చెయ్యైనా ఒకటేనని డైరెక్టర్ చుట్టూ చూసి చక్రిని పిలిచాడు. హీరో తొడుక్కున్న చొక్కా లాంటిదే తొడిగి, మణికట్టు దాకా అతనికీ తెల్లపూత పూశారు. ఒకరి కాళ్ళకి బదులు ఒకరి కాళ్ళు, ఒకరి చేతికి బదులు ఒకరి చెయ్యి. ఆ పాడుబడ్డ క్వార్టర్‌లో ఎవరిది వారిదిగా ఉన్నది ఆ ఇద్దరి ఊపిరి ఒక్కటే.

కెమెరా తిప్పే ముందు చక్రి ఆమె కేసి చూసి మెల్లగా అడిగాడు.

“తెలుస్తుందా?”

“తెలుస్తుంది” అంది రోహిణి.

పొద్దున్నుంచి ఆ మాట అడిగిన మనిషి లేడు. పొద్దున్నుంచి ఏమిటి, పుట్టినప్పటి నుంచే లేడు. డాక్టర్లు సుత్తితో కొట్టి అడిగారు గాని అది వేరు. చక్రి చెయ్యి మడమ కిందికి వెళ్ళి, పాదాన్ని ఎత్తి, చీలమండ మీదుగా పైకి పాకింది. తెల్లపూత చెమటకి కరిగి అతని వేళ్ళకి అంటింది, దాని అడుగునుంచి పారాణి గీత ఎర్రగా బయటపడింది. ఆమె ఒళ్ళంతా ఝల్లుమంది. చెయ్యి కెమెరా ముందునుంచి తప్పుకున్నాక కూడా ఆ ఝల్లుమనడం ఆగలేదు. అప్పుడు ఆమె కుడికాలి బొటనవేలు కదిలింది.

ఆ రెండు కాళ్ళలో కదిలేది ఆ వేలొక్కటే. అది కూడా ఎప్పుడో గాని కదలదు. తల్లికి తెలుసు, తనకి తెలుసు. ఇప్పుడు చక్రికి తెలిసింది. అతను ఆ వేలినే చూస్తూ ఉండిపోయాడు. డైరెక్టర్ కట్ చెప్పి, పర్ఫెక్ట్ అన్నాడు.

ఆ తర్వాత చక్రికి చాయిస్ సెంటర్‌లో పనులు పెరిగిపోయాయి. మొదట లైసెన్స్ అన్నాడు, తర్వాత బండి ఇన్సూరెన్స్ అన్నాడు, తర్వాత ఏమీ అనకుండానే వచ్చి స్టూల్ మీద కూర్చునేవాడు. కౌంటర్ ఇవతలికి ఆమె కుర్చీ వచ్చినా అతని గొంతు మారేది కాదు. చిన్నప్పటి నుంచీ నూకమ్మని పిన్నీ అని పిలిచేవాడల్లా ఒకరోజు, అత్తా కాసిని మంచినీళ్ళు అన్నాడు. నూకమ్మ చేతిలో చెంబు ఆగిపోయింది. పిన్ని కూతురు చెల్లెలవుతుంది. అత్త కూతురు చెల్లెలు కాదు. మనవాళ్ళలో ఒక మగపిల్లాడు ఆ పిలుపు మార్చాడంటే మనసులో మాట పైకి అన్నట్టే. ఆవిడ నీళ్ళిచ్చి, వంటింట్లోకి వెళ్ళి, దేవుడి పటం ముందు చాలాసేపు నిలబడింది. ఎవరితోనూ అనలేదు. అంటే దిష్టి తగులుతుందని భయం.

గురునాథరావూ నూకమ్మా పక్క ఊరు దుర్గ్‌లో ఒక పెళ్ళికి వెళ్ళిన మధ్యాహ్నం చక్రి వచ్చాడు. రోహిణి షట్టర్ సగం దించమంది. అతను నేల మీద కూర్చుని, ఎవరూ యాక్షన్ అనకుండానే ఆమె పాదం చేతిలోకి తీసుకున్నాడు. ఈసారి తెల్లపూత లేదు. అతని అరచేతిలో తాళ్ళు లాగి లాగి కాసిన కాయలు ఆమెకి ఒక్కొక్కటే తెలిశాయి. ఆమె వంగి అతని తల దగ్గరికి లాక్కుంది. ఆ మధ్యాహ్నం గురించి ఇంకా చెప్పడం మర్యాద కాదు గాని ఒక్కటి చెప్పాలి. ఆమె ఎవరి కాళ్ళూ అరువు తెచ్చుకోలేదు, ఏ యంత్రంలోనూ పడుకోలేదు, అయినా ఏదీ ఆగలేదు. భయం వేసింది, నవ్వొచ్చింది, ఆఖర్న ఏడుపొచ్చింది. అందరికీ అలాగే ఉంటుందేమోనని ఆమె తర్వాత అనుకుంది.

వెళ్ళే ముందు చక్రి మాటిచ్చాడు. తల్లితో మాట్లాడతానన్నాడు, కానీ ఇప్పుడే కాదన్నాడు.

“ఎపిసోడ్ రానీ, బస్, అంతే. మా అమ్మ మనుషులు చెప్తే వినదు. సీరియల్లో చూపిస్తే నమ్ముతాది. నీ కాలు హీరో అలా పట్టుకోడం చూసిందంటే ఏడుస్తాది. అప్పుడు ఆ చెయ్యి నాదేనని చెప్తాను.”

ఇది వినడానికి పిచ్చిగా ఉంటుంది గాని రమణమ్మని ఎరిగినవాళ్ళకి ఉండదు. సీరియల్లో కోడలు ఉపవాసం ఉంటే తానూ అన్నం మానేసే మనిషి ఆవిడ. రోహిణి నమ్మింది. చక్రి కూడా నిజంగానే నమ్మాడు. తమ సంబంధం కుదిర్చే పని ఆ ఇద్దరూ ముంబయిలో ఎక్కడో కూర్చుని ఫిల్మ్ కత్తిరించుకునేవాడి చేతిలో పెట్టారు. ఆ పని చక్రి నోటితో చెయ్యవలసింది. ఆ సంగతి ఆమెకి అప్పుడే తట్టింది, తోసేసుకుంది. ఆశపడ్డ మనిషి తోసేసుకోక ఏం చేస్తుంది?

చలికాలంలో సీరియల్ వచ్చింది. యంత్రం తయారయ్యేదాకా నడిచిన ఎపిసోడ్లు ఎవరి ఫోన్లలో వాళ్ళు చూసుకున్నా, ఒళ్ళు మారే దగ్గర్నుంచి ఉన్న ఆఖరి పెద్ద ఎపిసోడ్ మాత్రం అందరూ కలిసి చూడాలని గురునాథరావు పట్టుబట్టాడు. క్వార్టర్ ముందు ఖాళీ జాగాలో చక్రి షామియానా వేశాడు, కుర్చీలు వేశాడు, ప్రొజెక్టర్ పెట్టి తెల్లగుడ్డ కట్టాడు. పొద్దుగూకేసరికి తెలుగువాళ్ళ కుటుంబాలన్నీ శాలువాలు కప్పుకుని వచ్చాయి. ప్లాంట్ వైపు ఫర్నేస్‌లోంచి కరిగిన స్లాగ్ పోస్తున్నట్టున్నారు, ఆకాశం ఒకసారి ఎర్రబడి మళ్ళీ నల్లబడింది. రమణమ్మని చక్రి తానే తీసుకొచ్చి ముందు వరసలో కూర్చోబెట్టాడు. నూకమ్మ గిన్నెలో పారాణి కలిపి సిద్ధంగా పెట్టుకుంది. ఎపిసోడ్ అవ్వగానే ఆడవాళ్ళందరికీ పెట్టాలని, మొట్టమొదట కూతురికి పెట్టాలని ఆవిడ ఉద్దేశం. రోహిణి కొత్త చీర కట్టుకుని కుర్చీలో కూర్చుంది. ప్రొజెక్టర్ పక్కన నిలబడ్డ చక్రి ఆమె కేసి చూసి నవ్వాడు. 

మొదట్లో యంత్రం, దీపాలు, పొగ. సైంటిస్టు మనసు డాన్సర్ ఒంట్లోకి వెళ్ళిపోయింది. ఇటు కుర్చీలో డాన్సర్ మనసు కళ్ళు తెరిచింది, మెల్లగా కిందికి చూసింది.

తెర నిండా రోహిణి పాదం వచ్చింది. ఎవరో రమణమ్మ వెనకనుంచి చప్పట్లు కొట్టబోయారు. ఇంతలో గుండెలదిరే సంగీతం మొదలైంది. పాదం రంగు నీలంగా మార్చారు.  సూది గుచ్చారు, పాదం కదల్లేదు. ఆ తర్వాత, ఉన్నట్టుండి, నెత్తురు చారలా కనిపిస్తున్న పారాణి గీత పక్కన బొటనవేలు కదిలింది.

రోహిణి ఆ వేలిని గుర్తుపట్టింది. అది సూది షాట్‌లోది కాదు. అది చక్రి చెయ్యి తప్పుకున్నాక కదిలిన వేలు. అతని చేతిని కత్తిరించేసి, ఆ ఒక్క ముక్కని తెచ్చి ఇక్కడ అతికించారు. చచ్చిన కాలిలో ఏదో పురుగు కదిలినట్టు ఆ వేలు పెద్దగా తెర మీద ఇంకోసారి కదిలింది. హీరోయిన్ గుండెలవిసేలా అరిచింది. ముందు వరసలో ఒక పిల్ల తల్లి ఒళ్ళో మొహం దాచుకుంది.

అక్కడినుంచి రోహిణి చూసింది గాని ఏమీ ఎక్కలేదు. కథ మార్చేశారని మాత్రం అర్థమైంది. ఎవరి ఒంట్లోకి వాళ్ళు తిరిగి రాలేదు. సైంటిస్టు డాన్సర్ ఒంట్లోనే ఉండిపోయింది. హీరో మోకాళ్ళ మీద కూర్చున్నాడు, పాదం చేతిలోకి తీసుకున్నాడు, నున్నటి డాన్సర్ పాదం. పట్టుకున్నది ఆ హీరో సొంత చెయ్యే, ముంబయిలో తర్వాత తీసుకున్నట్టున్నారు. కుర్చీలో మిగిలిపోయిన ఒళ్ళు ఒక రాత్రి చచ్చిపోయింది. ఖాళీ కుర్చీ ఒకటి కిటికీ పక్కన చూపించి, పాట వేసి, అయిందనిపించారు. వాళ్ళ లెక్కలో ప్రేమ కావాలంటే ముందు కాళ్ళు కావాలి, కాళ్ళు లేని ఒళ్ళు ఎవరికీ అడ్డం లేకుండా తప్పుకోవాలి.

కుర్చీలు కిర్రుమన్నాయి. పక్క క్వార్టర్ వాసుదేవరావు గొంతు సవరించుకుని, గ్రాఫిక్స్ బాగా చేశారండీ అన్నాడు. సాయం చేద్దామనే అన్నాడు పాపం. ఆ తాడు దొరకగానే గురునాథరావు పట్టేసుకున్నాడు. ఇంటింటికీ తిరిగి పిలిచిన ఆ నోటితోనే, అవునవును, అవన్నీ గ్రాఫిక్సే, మా అమ్మాయివి వాడుకున్నట్టు లేరు అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన చూపు నేల మీదే ఉంది.

“కాదు నాన్నా” అంది రోహిణి. అందరికీ వినపడింది. “అవి నా కాళ్ళే. ఆ వేలూ నాదే. అది భయపెట్టడానికి కదల్లేదు.”

మరి ఎందుకు కదిలిందో చెప్పవలసిన మనిషి ఇంకొకడున్నాడు. ఆమె తల తిప్పి అతని కేసి చూసింది. ఒక్క మాట చాలు. ఆ చెయ్యి నాదే అంటే చాలు. అనకపోయినా, వచ్చి ఆమె పక్కన నిలబడితే చాలు. చక్రి ప్రొజెక్టర్ మీదికి వంగి, మిషన్ వేడెక్కిపోయిందని ఎవరికో చెబుతున్నట్టు గొణిగి, తీగ పీకి చుట్టడం మొదలుపెట్టాడు. అప్పటికే చుట్టడం అయిపోయిన తీగని విప్పి మళ్ళీ చుట్టాడు.

రమణమ్మ లేచి వచ్చింది. నిజంగానే ఏడుస్తోంది, చక్రి చెప్పినట్టే. రోహిణి గడ్డం పట్టుకుని, కళ్ళొత్తుకుంటూ, ఎంతో ప్రేమగా అంది.

“ఓలమ్మ, ఎంత కట్టం పెట్టాడే తల్లీ నీకు దేవుడు. ఆ పిల్లే నయం, సచ్చి సుకపడింది.”

 రోహిణికి ఆవిడ మీద కోపం రాలేదు. కోపం తెచ్చుకోవడానికైనా ఆ మొహంలో కాస్త చెడ్డతనం ఉండాలి కదా. చక్రి తల్లి భుజం పట్టుకుని నడిపించుకుంటూ గేటు దాకా వెళ్ళి, అక్కడ ఆగాడు. రోహిణి కేసి చూడలేదు. గుమ్మంలో నిలబడ్డ నూకమ్మతో చెప్పాడు.

“ఎల్లొస్తాం పిన్నీ. కుర్చీలు రేపు పట్టుకెళ్తాను.”

నూకమ్మ తల ఊపింది. ఆ పిలుపు ఆవిడ విన్నది, రోహిణి విన్నది. మిగతా వాళ్ళకి అది ఎప్పుడూ వినే మాటే.

జనం వెళ్ళిపోయారు. గురునాథరావు లోపలికి వెళ్ళి గోడవైపు తిరిగి పడుకున్నాడు, అన్నం వద్దన్నాడు. ఖాళీ కుర్చీల మధ్య నూకమ్మ పారాణి గిన్నె పట్టుకుని కూతురి దగ్గరికి వచ్చింది. అంచుల్లో అది అప్పుడే ఎండిపోతోంది.

“పారబోసీనా?” అని అడిగింది.

“వద్దు. పెట్టు.”

“ఏటే, ఇప్పుడెవరు సూత్తారని?”

“ఆ రోజు ఎవరో చూస్తారని పెట్టావు కదమ్మా. ఇవాళ ఎవరూ చూడరని పెట్టు.”

 నూకమ్మ నేల మీద కూలబడి, ఆ పాదాలు ఒళ్ళోకి తీసుకుని, వేలు ముంచి గీత దిద్దడం మొదలుపెట్టింది. రోహిణికి ఆ తడి తెలిసింది, అమ్మ వేలు తెలిసింది, వేలి చివర పగులు తెలిసింది. ఒక కన్నీటి చుక్క పాదం మీద పడితే దాని వేడి కూడా తెలిసింది. అన్నీ తెలుస్తూనే ఉన్నాయి. తెలియకుండా ఉంటే బాగుండునని మొదటిసారి అనిపించింది.

వేలు మడమ దగ్గరికి వచ్చేసరికి ఆమె కళ్ళు మూసుకుంది. ఆ చెయ్యి అమ్మది కాదు, చక్రిది అనుకుందామని చూసింది. సీరియల్లో అయితే అంతసేపట్లో ఒళ్ళే మార్చేశారు, ఒక్క చెయ్యి మార్చుకోవడం ఎంతసేపని ప్రయత్నించింది. చీలమండ దాకా అలాగే ప్రయత్నించింది. ఎంత చూసినా అది అమ్మ చెయ్యే. బొటనవేలు కదల్లేదు.